ట్రాక్టర్ ఇంజిన్ ఐడ్లింగ్‌లో కుదుపు: ఇజిఆర్ వాల్వు లోపాన్ని నిర్ధారించే క్రమం

ఖరీఫ్‌లో కాలువకు నీరు వదిలిన తరువాత దమ్ము పనులకు లభించే వ్యవధి స్వల్పం. స్వల్పకాలిక వరి రకాల నారును 21 నుండి 25 రోజుల వయసులో నాటవలసి ఉంటుంది. నారు ముదిరిన కొద్దీ పిలకలు తగ్గి, దాని ప్రభావం దిగుబడిపై పడుతుంది. ఆ రోజులలో ట్రాక్టర్ మరమ్మతుకై షెడ్డులో నిలిచిపోతే నష్టం విడిభాగాల ఖర్చుతో ఆగదు. వరుసలో వేచి ఉన్న మిగిలిన రైతుల పొలాలలో కూడా నాట్లు వెనుకబడతాయి. కనుక ఇంజిన్ లోపాన్ని త్వరగా, సరిగా గుర్తించడం సాగు పనుల సకాల నిర్వహణలో భాగమే.

భారతదేశంలో 50 అశ్వశక్తికి మించిన ట్రాక్టర్లకు ట్రెమ్-4 ఉద్గార ప్రమాణాలు 2023 జనవరి 1 నుండి అమలులోకి వచ్చాయి. 37 నుండి 56 కిలోవాట్ల వర్గంలో పొగలోని కణ పదార్థానికి అంతకు ముందు కిలోవాట్-గంటకు 0.4 గ్రాములుగా ఉన్న పరిమితి 0.025 గ్రాములకు తగ్గింది. ఈ ప్రమాణాలను అందుకోవడానికి తయారీదారులు కామన్ రైల్ ఇంధన వ్యవస్థ, ఎలక్ట్రానిక్ నియంత్రణ యూనిట్, ఇజిఆర్ వాల్వు, పొగ శుద్ధి పరికరాలు వంటి వాటిని ఆశ్రయించారు. నాజిల్, పంపు, ఫిల్టర్ల వరకే పరిచయమున్న గ్రామీణ మెకానిక్కు ఈ అమరిక కొత్తది.

ఇంజిన్ ఐడ్లింగ్‌లో వణికినప్పుడు షెడ్డులలో సాధారణంగా రెండు తొందరపాటు తీర్పులు వెలువడుతుంటాయి. నాజిళ్లు పోయాయన్నది ఒకటి. ఇజిఆర్‌ను రేకు పెట్టి మూసివేస్తే సరిపోతుందన్నది రెండవది. పరీక్ష లేకుండా ఇచ్చిన తీర్పులు గనుక రెండూ ప్రమాదకరమే. కుదుపు అనేది ఒక లక్షణం మాత్రమే. దానికి కారణమైన భాగాన్ని విప్పకముందే వేరుపరచి చూపగల పరీక్షలు ఉన్నాయి. వాటిని ఏ క్రమంలో చేయాలో, ఆ క్రమం వెనుక ఉన్న కారణమేమిటో ఈ వ్యాసంలో వివరించడమైనది.

ఐడ్లింగ్‌లోనే కుదుపు బయటపడడానికి కారణం

నాలుగు స్ట్రోకుల ఇంజిన్‌లో ప్రతి సిలిండర్ రెండు చుట్లకు ఒకసారి మాత్రమే శక్తినిస్తుంది. నిమిషానికి 800 చుట్లు తిరిగే నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో ఒక్కొక్క సిలిండర్ 400 సార్లు, మొత్తం ఇంజిన్ 1,600 సార్లు మండుతుంది. అంటే సెకనుకు సుమారు 27 దహనాలు. వీటిలో ఒక సిలిండర్ సరిగా మండకపోతే సెకనుకు సుమారు ఏడు సార్లు లోటు ఏర్పడుతుంది. డ్రైవర్ సీటులో, స్టీరింగులో తెలిసే వణుకు ఆ లోటే.

వేగం పెరిగితే దహనాలు దగ్గరపడతాయి. ఫ్లైవీల్‌లో నిలువ ఉన్న చలన శక్తి లోటును కప్పివేస్తుంది. అందువలన ఎక్సలేటర్ ఇవ్వగానే వణుకు మాయమైనంత మాత్రాన లోపం తొలగినట్లు కాదు. పైగా ఐడ్లింగ్‌లో ఒక్కొక్క దహనానికి అందే డీజిల్ అతి తక్కువ గనుక, ఇంధనంలోగాని, గాలిలోగాని, సంపీడనంలోగాని ఏర్పడిన చిన్న తేడా కూడా ఆ వేగంలో పెద్దదిగా కనిపిస్తుంది.

ఇజిఆర్ వాల్వు చేసే పని

గాలిలో సుమారు 78 శాతం నైట్రోజన్, 21 శాతం ఆక్సిజన్ ఉంటాయి. సాధారణ ఉష్ణోగ్రతలో ఈ రెండూ కలియవు. దహన గదిలో మంట ఉష్ణోగ్రత సుమారు 1,500 డిగ్రీల సెల్సియస్ దాటిన తరువాత మాత్రం నైట్రోజన్ ఆక్సైడ్లు వేగంగా ఏర్పడతాయి. ఇంజిన్ నుండి వెలువడే పొగలో కొంత భాగాన్ని తిరిగి లోపలికి పంపితే దహన గదిలో ఆక్సిజన్ పాలు తగ్గుతుంది. పొగలోని కార్బన్ డై ఆక్సైడ్, నీటి ఆవిరి వేడిని పీల్చుకుంటాయి. ఫలితంగా మంట ఉష్ణోగ్రత తగ్గి, నైట్రోజన్ ఆక్సైడ్లు తక్కువగా ఏర్పడతాయి.

ఈ పొగ పాలును నియంత్రించే ద్వారమే ఇజిఆర్ వాల్వు. ట్రాక్టర్ ఇంజిన్‌లో పొగ సాధారణంగా కూలెంట్‌తో చల్లబరచే కూలర్ గుండా ప్రయాణించి ఇన్‌టేక్ మానిఫోల్డుకు చేరుతుంది. ఆధునిక వాల్వులో చిన్న విద్యుత్ మోటారు, పళ్ల చక్రాలు, మూసివేసే స్ప్రింగు, వాల్వు ఎంత తెరుచుకున్నదో తెలిపే స్థాన సెన్సర్ ఉంటాయి. నియంత్రణ యూనిట్ ఇంత తెరువుమని ఆజ్ఞ ఇస్తుంది. సెన్సర్ ఇంత తెరుచుకున్నదని బదులిస్తుంది. ఆజ్ఞకు, బదులుకు మధ్య తేడాను చదవడమే నిర్ధారణకు ఆయువుపట్టు.

పెట్రోలు పరీక్ష డీజిల్‌కు పనికిరాదు

ఇజిఆర్ గురించి ప్రచారంలో ఉన్న పరిజ్ఞానంలో అధిక భాగం పెట్రోలు వాహనాలకు సంబంధించినది. దానిని యథాతథంగా ట్రాక్టర్‌కు వర్తింపజేయడం వలననే తప్పు నిర్ధారణలు జరుగుతాయి.

పెట్రోలు ఇంజిన్ సుమారు 14.7 పాళ్ల గాలికి ఒక పాలు ఇంధనం చొప్పున మండుతుంది. ఐడ్లింగ్‌లో థ్రాటిల్ దాదాపు మూసి ఉండి గాలి చాలా తక్కువగా అందుతుంది. ఆ స్థితిలో పొగ చొరబడితే మంట సరిగా అంటుకోదు. అందుకే పెట్రోలు ఇంజిన్‌లో ఐడ్లింగ్ సమయాన ఇజిఆర్ వాల్వు మూసి ఉంటుంది. అది తెరుచుకుని బిగుసుకుపోతే ఇంజిన్ వెంటనే వణుకుతుంది లేదా ఆగిపోతుంది. వాక్యూమ్‌తో పనిచేసే పాత వాల్వును చేతి పంపుతో తెరచినప్పుడు ఇంజిన్ తడబడితే దారి శుభ్రంగా ఉన్నట్లు, మార్పు లేకుంటే దారి పూడుకున్నట్లు భావించే పరీక్ష ఈ సూత్రంపైనే ఆధారపడినది.

డీజిల్ ఇంజిన్ స్థితి వేరు. ఐడ్లింగ్‌లో ఒక పాలు డీజిల్‌కు 50 పాళ్లకు మించిన గాలి లభిస్తుంది. మిగులు ఆక్సిజన్ అంతగా ఉన్నందున పొగ కొంత కలిసినా దహనం సాగుతుంది. చాలా డీజిల్ ఇంజిన్లలో ఐడ్లింగ్‌లో వాల్వు కొంత తెరిచి ఉండడమే సహజ స్థితి. కనుక వాల్వును తెరచినప్పుడు ట్రాక్టర్ ఇంజిన్ ఆగకపోతే దారి పూడిందని నిర్ణయించరాదు. తెరుచుకుని బిగుసుకున్న వాల్వు ప్రభావం డీజిల్‌లో ప్రధానంగా భారం పడినప్పుడు బయటపడుతుంది. పూర్తి భారంలో గాలి, ఇంధన నిష్పత్తి 20 పాళ్ల సమీపానికి దిగుతుంది. అప్పుడు గాలి స్థానాన్ని పొగ ఆక్రమిస్తే నల్లని పొగ, శక్తి లోపం తప్పవు.

అయితే మూడు పరిస్థితులలో డీజిల్ ఇంజిన్ కూడా ఇజిఆర్ లోపం వలన ఐడ్లింగ్‌లో వణుకుతుంది. మొదటిది, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు పొగ అధికంగా చేరడం. రెండవది, ఇన్‌టేక్ మానిఫోల్డు మసితో ఇరుకై పొగ ఒక సిలిండర్‌కు ఎక్కువగా, మరొకదానికి తక్కువగా చేరడం. మూడవది, వాల్వు మసి వలన ఒకచోట నిలవక ఆజ్ఞకు అటూ ఇటూ ఊగడం. ఆ ఊగిసలాటతో ఐడ్లింగ్ వేగం కూడా పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది.

వాల్వు మూసుకుని బిగుసుకుపోయినప్పుడు మాత్రం ఐడ్లింగ్ కుదుపు సాధారణంగా రాదు. దహన శబ్దం కొంత కఠినంగా వినిపించవచ్చు; నైట్రోజన్ ఆక్సైడ్లు పెరుగుతాయి; హెచ్చరిక దీపం వెలుగుతుంది. కుదుపు ఉన్నదనే కారణంతో మూసుకుపోయిన వాల్వును నిందించడం తర్కానికి నిలవదు.

నిర్ధారణ క్రమం

పరీక్షలను ఖర్చు లేని వాటి నుండి ఖర్చయ్యే వాటికి, విప్పనవసరం లేని వాటి నుండి విప్పవలసిన వాటికి క్రమంగా చేయాలి. ఒక మెట్టు ఫలితం తేలిన తరువాతనే తరువాతి మెట్టుకు పోవాలి.

1. ఇంజిన్‌లో ఇజిఆర్ వాల్వు ఉన్నదా?
50 అశ్వశక్తికి లోబడిన ట్రాక్టర్లలో చాలావాటికి మెకానికల్ ఇంధన పంపు ఉంటుంది. బయటికి కనిపించే ఇజిఆర్ వాల్వు ఉండదు. యజమాని పుస్తకంలోగాని, ఇంజిన్‌పై ఉన్న పట్టీలోగాని ఈ విషయం చూసుకోవాలి. వాల్వే లేని ఇంజిన్‌లో కుదుపునకు కారణం ఇంధన లైనులో గాలి, నాజిల్, సంపీడనం, గవర్నర్ లేదా ఇంజిన్ మౌంటింగు రబ్బర్లలో వెదకాలి.

2. లక్షణాన్ని నమోదు చేయడం
డ్రైవర్‌ను అడిగి నాలుగు విషయాలు రాసుకోవాలి. కుదుపు చల్లని ఇంజిన్‌లోనా, వేడెక్కిన తరువాతనా? ఐడ్లింగ్‌లోనేనా, రోటవేటర్ భారంలో కూడానా? పొగ రంగు ఏమిటి? ఇటీవల ఏ భాగం మార్చారు? నల్లని పొగ గాలి కొరతను లేదా అధిక ఇంధనాన్ని సూచిస్తుంది. నీలిపొగ నూనె మండడాన్ని, ఘాటైన వాసన గల తెల్లపొగ మండని డీజిల్‌ను సూచిస్తాయి. తీపి వాసనతో ఆవిరి వంటి తెల్లపొగ వస్తూ రేడియేటర్‌లో కూలెంట్ తగ్గుతుంటే ఇజిఆర్ కూలర్‌ను లేదా హెడ్ గ్యాస్కెట్‌ను అనుమానించాలి. కొన్ని ఇంజిన్లలో ఐడ్లింగ్ కొన్ని నిమిషాలు సాగిన తరువాత నియంత్రణ యూనిట్ ఇజిఆర్‌ను తానే మూసివేస్తుంది. అటువంటి ఇంజిన్‌లో కొన్ని నిమిషాల తరువాత వణుకు దానంతట అదే తగ్గితే, అది విలువైన ఆధారం.

3. మౌలిక అంశాలు
నీటిని వేరుచేసే గిన్నెలో నీరు చేరిందేమో చూసి తీసివేయాలి. డీజిల్ ఫిల్టర్ గడువు, ఎయిర్ క్లీనర్ సూచిక, టర్బో నుండి మానిఫోల్డు వరకు గల గొట్టాల బిగింపులు పరిశీలించాలి. ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు పూర్తి చార్జింగ్ గల 12 వోల్టుల బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు, ఇంజిన్ నడుస్తున్నప్పుడు సుమారు 14 వోల్టులు చూపాలి. వోల్టేజి తగ్గితే వాల్వు మోటారు, సెన్సర్లు తప్పుగా ప్రవర్తించి లేని లోపాన్ని ఉన్నట్లు చూపుతాయి. మౌంటింగు రబ్బరు చిరిగినప్పుడు ఇంజిన్ సక్రమంగా మండుతున్నా ట్రాక్టర్ వణుకుతుంది. ఈ విషయం కంటితో చూసి తేల్చుకోవచ్చు.

4. ఒక సిలిండరా, అన్నీనా?
నిర్ధారణలో ఇదే ముఖ్యమైన మలుపు. ఇజిఆర్ పొగ మానిఫోల్డులో కలుస్తుంది గనుక దాని ప్రభావం సాధారణంగా అన్ని సిలిండర్లపై పడుతుంది. నాజిల్, వాల్వు సీటింగు, పిస్టన్ రింగుల లోపం ఒక సిలిండర్‌కే పరిమితమై ఉంటుంది.

ఎలక్ట్రానిక్ ఇంజిన్‌లో స్కానర్ జోడించి ప్రతి సిలిండర్‌కు నియంత్రణ యూనిట్ చేస్తున్న ఇంధన సవరణను చదవాలి. మూడు సిలిండర్ల సవరణ స్వల్పంగా ఉండి నాల్గవదానికి మాత్రమే ఎక్కువగా ఉంటే ఆ సిలిండర్ నాజిల్‌నో సంపీడనాన్నో పరీక్షించాలి. ఇజిఆర్ జోలికి పోనవసరం లేదు. సవరణలు అన్నింటిలో మారుతూ, ఒక స్థిరమైన సిలిండర్‌ను చూపకపోతే అన్నింటికీ ఉమ్మడిగా ఉండే గాలి, ఇంధన సరఫరా, ఇజిఆర్ వైపు దృష్టి మళ్లించాలి. మానిఫోల్డు మసితో ఇరుకైనప్పుడు మాత్రం ఇజిఆర్ లోపం కూడా ఒక సిలిండర్ లోపంలా కనిపించవచ్చు. అటువంటప్పుడు అయిదవ మెట్టులోని పరీక్ష నిజాన్ని తేల్చుతుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక తప్పనిసరి. పాత మెకానికల్ పంపు ఇంజిన్లలో నాజిల్ గొట్టం నట్టును ఒక్కొక్కటిగా వదులుచేసి బలహీన సిలిండర్‌ను కనుగొనే అలవాటు ఉన్నది. కామన్ రైల్ ఇంజిన్‌లో ఆ పని ఎట్టి పరిస్థితిలోనూ చేయరాదు. ట్రాక్టర్ వెనుక టైరులో గాలి ఒత్తిడి సుమారు ఒక బార్ ఉంటుంది. కామన్ రైల్‌లో ఇంధన పీడనం ఐడ్లింగ్‌లోనే వందల బార్లు, భారంలో వెయ్యి బార్లకు పైగా ఉంటుంది. సన్నని ధారగా వెలువడే డీజిల్ చర్మాన్ని చీల్చుకొని లోపలికి పోతుంది. పైకి సూది గుచ్చినంత గాయమే కనిపించినా లోపలి కణజాలం నశిస్తుంది. వెంటనే శస్త్రచికిత్స చేయగల ఆసుపత్రికి తీసుకుపోకపోతే వేలు, చేయి కోల్పోయే ప్రమాదమున్నది.

5. వాల్వును విప్పకుండా వేరుపరచడం
ఇంజిన్ సాధారణ ఉష్ణోగ్రతకు చేరిన తరువాత స్కానర్‌లో వాల్వు ఆజ్ఞ, వాల్వు స్థానం పక్కపక్కన చూడాలి. ఆజ్ఞ సున్నాకు తగ్గినా స్థానం సున్నాకు రాకపోతే వాల్వు తెరుచుకుని బిగుసుకున్నట్లు. స్థానం ఆలస్యంగా, మెట్లు మెట్లుగా కదిలితే మసి అడ్డుపడుతున్నట్లు. రెండూ సరిగా కలిసి నడుస్తుంటే వాల్వు యంత్రాంగం మీద అనుమానం బాగా తగ్గుతుంది.

తరువాత స్కానర్ ద్వారా వాల్వును పూర్తిగా మూయించి ఇంజిన్ ప్రవర్తన గమనించాలి. స్థానం సున్నాకు వచ్చి వణుకు స్పష్టంగా తగ్గితే పొగ పాలుతో సంబంధమున్నట్లు. స్థానం సున్నాకు వచ్చినా వణుకులో మార్పు లేకపోతే కారణం వేరే చోట ఉన్నది. అయితే వాల్వు అంచు వద్ద మసి ముక్క చిక్కుకొని సన్నగా కారుతున్నదేమో కూడా చూడాలి. వాల్వును మూసి ఉంచిన కొన్ని నిమిషాల తరువాత పరారుణ ఉష్ణమాపకంతో వాల్వుకు ముందు, తరువాత గొట్టం వేడిని కొలవాలి. తరువాతి భాగం చల్లబడకుండా ముందు భాగంతో సమానంగా వేడిగా ఉంటే పొగ కారుతున్నట్లు భావించవచ్చు.

స్కానర్ లేని చోట ఇంజిన్ ఆపి, తాళం తీసి, వాల్వు విద్యుత్ కనెక్టర్‌ను విడదీసి తిరిగి స్టార్ట్ చేయవచ్చు. స్ప్రింగుతో మూసుకునే రకమైతే వాల్వు మూసుకుంటుంది. వణుకు పోతే ఇజిఆర్ వ్యవస్థపై అనుమానం బలపడుతుంది. వణుకు పోనంత మాత్రాన వాల్వు నిర్దోషి అని చెప్పలేము. మసితో బిగుసుకున్న వాల్వును స్ప్రింగు మూయలేకపోవచ్చు. ఈ పరీక్ష తరువాత కనెక్టర్‌ను తిరిగి బిగించి, నమోదైన లోప సంకేతాన్ని తుడిచివేయాలి.

6. లోప సంకేతాలను చదవడం
ట్రాక్టర్లు, కోత యంత్రాలలో లోప సంకేతం తరచుగా రెండు భాగాలుగా ఉంటుంది. ఎస్‌పిఎన్ సంఖ్య ఏ భాగమో, ఎఫ్‌ఎమ్‌ఐ సంఖ్య ఎటువంటి లోపమో చెబుతుంది. ఎస్‌పిఎన్ 27 ఇజిఆర్ వాల్వు స్థానానికి, 2791 ఆ వాల్వు నియంత్రణకు సంబంధించినవి. ఎఫ్‌ఎమ్‌ఐ 3 వోల్టేజి మితిమీరడాన్ని, 4 వోల్టేజి తగ్గడాన్ని, 5 విద్యుత్ వలయం తెగడాన్ని, 7 యంత్రభాగం ఆజ్ఞకు స్పందించకపోవడాన్ని తెలుపుతాయి. కనుక 2791తో 7 వస్తే మసి లేదా విరిగిన పళ్ల చక్రాన్ని, అదే సంఖ్యతో 5 వస్తే ముందుగా వైరును, కనెక్టర్‌ను చూడాలి. ఎలుక కొరికిన వైరుకు కొత్త వాల్వు మందు కాదు. కొందరు తయారీదారులు సొంత సంకేతాలు వాడుతున్నందున యజమాని పుస్తకంతో సరిచూసుకోవడం అవసరం.

సరళమైన వాహనాలలో, ముఖ్యంగా ధాన్యం తరలించే చిన్న ట్రక్కులలో, పి0401 ఇజిఆర్ ప్రవాహం చాలనట్లు, పి0402 ప్రవాహం మితిమీరినట్లు తెలుపుతాయి. కుదుపుతో పొసగేది రెండవది.

ఒక ఊహా ఉదాహరణ

ఈ క్రమం ఎలా పనిచేస్తుందో ఒక ఊహా ఉదాహరణతో చూడవచ్చు. 55 అశ్వశక్తి గల నాలుగు సిలిండర్ల ట్రాక్టర్ ఉదయం స్టార్ట్ చేసినప్పుడు బాగా వణుకుతున్నది. వేడెక్కిన తరువాత వణుకు కొంత తగ్గుతున్నది. రోటవేటర్ భారంలో నల్లపొగ వస్తున్నది. నీటి గిన్నె శుభ్రంగా ఉన్నది, ఫిల్టర్లు కొత్తవి, బ్యాటరీ సరిగా ఉన్నది. సిలిండర్ల సవరణలలో ఏ ఒక్కటీ ప్రత్యేకంగా పెరగలేదు. వాల్వు ఆజ్ఞ సున్నాగా ఉన్నప్పుడు స్థానం 30 శాతం చూపుతున్నది. లోప సంకేతం 2791, 7.

ఇక్కడ ప్రతి ఆధారం ఒకే దిశను చూపుతున్నది. చల్లని ఇంజిన్‌లో కుదుపు, భారంలో నల్లపొగ, ఒక సిలిండర్‌కు పరిమితం కాకపోవడం, ఆజ్ఞకు స్థానానికి తేడా: ఈ నాలుగూ కలిసినప్పుడు వాల్వును విప్పడం న్యాయం. అదే ట్రాక్టర్‌లో మూడవ సిలిండర్ సవరణ ఒక్కటే పెరిగి, వాల్వు స్థానం ఆజ్ఞను అనుసరిస్తూ ఉంటే, ఎంత మసి ఉన్నదని తోచినా వాల్వును విప్పడం వృథా శ్రమ.

మసి చెప్పే విషయం

విప్పిన వాల్వులోని మసి రోగ చరిత్రను చెబుతుంది. పలుచని పొడి మసి సహజం. తారు వలె జిగురుగా ఉంటే క్రాంక్‌కేస్ బ్రీదర్ నుండిగాని, టర్బో నుండిగాని నూనె ఆవిరి అధికంగా వస్తున్నట్లు. తడిగా, తెల్లని లేదా పచ్చని మరకలతో ఉంటే కూలర్ నుండి కూలెంట్ కారుతున్నట్లు. మందంగా, గట్టిగా పేరుకుంటే ఎక్కువ సమయం ఐడ్లింగ్‌లోనో, అతి తక్కువ భారంలోనో ఇంజిన్ నడిచినట్లు భావించాలి.

శుభ్రపరిచేటప్పుడు ఈ జాగ్రత్తలు పాటించాలి.

ఇంజిన్ పూర్తిగా చల్లబడిన తరువాతనే విప్పాలి.

ఇజిఆర్ లేదా కార్బ్యురేటర్ శుభ్రపరిచే ద్రావకాన్ని, మెత్తని బ్రష్‌ను వాడాలి. కాస్టిక్ సోడా అల్యూమినియంను తినివేస్తుంది గనుక వాడరాదు.

మోటారు, సెన్సర్, కనెక్టర్ భాగాలను ద్రావకంలో ముంచరాదు.

బిగుసుకున్న వాల్వును స్క్రూడ్రైవర్‌తో బలవంతంగా తిప్పరాదు. లోపలి పళ్లు విరుగుతాయి.

రాలిన మసి ముక్కలు మానిఫోల్డులోకి పడకుండా గుడ్డ అడ్డుపెట్టి, తరువాత దానిని తప్పక తీసివేయాలి.

కొత్త గ్యాస్కెట్ వేసి, సూచించిన బిగింపుతో బోల్టులు బిగించాలి.

స్కానర్‌లో వాల్వు మూసిన స్థానాన్ని తిరిగి నేర్పే ప్రక్రియ ఉన్నచోట దానిని పూర్తిచేయాలి. ఇది చేయకపోతే శుభ్రమైన వాల్వు కూడా తప్పు స్థానాన్ని చూపుతుంది.

మూసివేయడం మరమ్మతు కాదు

ఇజిఆర్ దారిలో రేకు పెట్టి శాశ్వతంగా మూసివేస్తే కొన్నిసార్లు వణుకు తక్షణమే తగ్గుతుంది. అందుకే ఆ పద్ధతి వ్యాపిస్తున్నది. కాని దానివలన నాలుగు నష్టాలున్నాయి. మొదటిది, మసి పేరుకోవడానికి మూలమైన నూనె ఆవిరి, నాజిల్ లేదా థర్మోస్టాట్ లోపం అలాగే మిగిలిపోతుంది. రెండవది, ఆశించిన ప్రవాహం లేదని నియంత్రణ యూనిట్ గుర్తించి లోపాన్ని నమోదు చేస్తుంది. చాలా ఇంజిన్లలో శక్తిని తగ్గిస్తుంది. దమ్ములో శక్తి తగ్గిన ట్రాక్టర్ ఉన్నా లేనట్లే. మూడవది, ఉద్గార ప్రమాణాలను ఉల్లంఘించే వాహనాన్ని బహిరంగ ప్రదేశంలో నడపడం మోటారు వాహనాల చట్టం 190(2) ప్రకారం శిక్షార్హం. 2019 సవరణ తరువాత మొదటి నేరానికి మూడు నెలల వరకు జైలు లేదా 10,000 రూపాయల వరకు జరిమానా లేదా రెండూ విధించవచ్చు.

నాల్గవది నేరుగా పంటకు సంబంధించినది. నైట్రోజన్ ఆక్సైడ్లు సూర్యరశ్మిలో ఇతర సేంద్రియ ఆవిరులతో కలిసి భూమికి సమీపంలో ఓజోన్‌ను ఏర్పరుస్తాయి. అది పొగ వెలువడిన చోటనే కాక గాలివాటున దూరంగా ఉన్న పొలాలలో కూడా ఏర్పడుతుంది. ఓజోన్ పత్రరంధ్రాల ద్వారా ఆకులోకి ప్రవేశించి కణపొరలను దెబ్బతీస్తుంది. కిరణజన్య సంయోగక్రియ మందగించి ఆకు ముందుగానే ముదురుతుంది. గోధుమ, సోయాచిక్కుడు ఈ వాయువుకు ఎక్కువ సున్నితమైన పంటలు. ఒక్క ట్రాక్టర్ వలన ఈ నష్టం కొలవదగినంత ఉండదు. కాని మూసివేత అలవాటుగా మారితే ఉద్గార ప్రమాణాలతో లభించిన ప్రయోజనం సేద్యం చేతిలోనే జారిపోతుంది.

పరీక్ష కోసం కొద్ది నిమిషాలు దారిని మూయడం వేరు, మూసి పంపడం వేరు. మొదటిది నిర్ధారణ సాధనం. రెండవది లోపాన్ని దాచే పని.

నివారణ

పొలం గట్టున ట్రాక్టర్‌ను గంటల తరబడి ఐడ్లింగ్‌లో వదలడం మాన్పించడం మొదటి పని. ఐడ్లింగ్‌లో దహన గది చల్లగా ఉండి, పూర్తిగా మండని ఇంధనం, మసి, నూనె ఆవిరి కలిసి జిగురుగా పేరుకుంటాయి. భారంతో నడిచిన వెంటనే మాత్రం టర్బో చల్లబడేందుకు యజమాని పుస్తకంలో చెప్పినంత సేపు ఐడ్లింగ్‌లో ఉంచి ఆపాలి.

థర్మోస్టాట్ తెరుచుకుని ఉండిపోతే ఇంజిన్ ఎప్పటికీ తగిన వేడికి చేరదు, మసి పెరుగుతుంది. ఉష్ణోగ్రత సూచిక అరగంట పని తరువాత కూడా చల్లని వైపే ఉంటే థర్మోస్టాట్‌ను పరీక్షించాలి. వరి గడ్డి కట్టలు కట్టే రోజులలో ధూళి అధికం గనుక ఎయిర్ క్లీనర్ సూచికను రోజూ చూడాలి. బ్రీదర్ గొట్టాన్ని, దాని వాల్వును నిర్ణీత గంటలకు శుభ్రపరచాలి. తయారీదారు సూచించిన శ్రేణి ఇంజిన్ ఆయిల్‌నే వాడాలి. మసి ఫిల్టర్ ఉన్న ఇంజిన్లలో తక్కువ బూడిదనిచ్చే ఆయిల్ అవసరం.

పనుల ఒత్తిడి లేని వేసవిలో, అంటే మే నెలలో, వాల్వు ఆజ్ఞను, స్థానాన్ని ఒకసారి స్కానర్‌లో చూసి అంకెలు రాసి ఉంచుకోవడం మంచిది. జులైలో వణుకు వచ్చినప్పుడు పోల్చుకోవడానికి ఆ అంకెలే ఆధారమవుతాయి. కస్టమ్ హైరింగ్ కేంద్రాలు ప్రతి ట్రాక్టర్‌కు ఒక పుస్తకం పెట్టి ఐడ్లింగ్ వేగం, బ్యాటరీ వోల్టేజి, సిలిండర్ల సవరణలు, వాల్వు స్థానం నమోదు చేస్తే మరమ్మతులో ఊహలకు తావుండదు.

ముగింపు

ఐడ్లింగ్‌లో కుదుపు కనిపించినప్పుడు ముందుగా తేల్చవలసినవి మూడు: ఆ ఇంజిన్‌లో ఇజిఆర్ వాల్వు ఉన్నదా, లోపం ఒక సిలిండర్‌దా, అన్నింటిదా, వాల్వు ఆజ్ఞను అనుసరిస్తున్నదా. ఈ మూడింటికీ జవాబులు ఒక్క భాగం కూడా విప్పకుండానే లభిస్తాయి. డీజిల్ ఇంజిన్‌లో ఐడ్లింగ్ కుదుపునకు ఇజిఆర్ మొదటి అనుమానితుడు కాదు. చల్లని స్థితిలో కుదుపు, భారంలో నల్లపొగ, స్థానంలో తేడా కలిసినప్పుడే దానిపై నేరం నిలుస్తుంది. వాల్వును శుభ్రం చేసిన తరువాత అది ఎందుకు పూడుకున్నదో కూడా తేల్చకపోతే మరమ్మతు సగమే పూర్తయినట్లు. వ్యవసాయ ఇంజినీరింగ్ విభాగాలు, కృషి విజ్ఞాన కేంద్రాలు గ్రామీణ మెకానిక్కులకు ఇచ్చే శిక్షణలో ఈ క్రమాన్ని, ముఖ్యంగా కామన్ రైల్ భద్రతా నియమాలను, స్కానర్‌తో చేయించే అభ్యాసంతో కలిపి బోధించడం అవసరం.